తలకాయను బెట్టకు వదిలిన ఏడాది

మా ఇంట్లో నేను పొద్దున్నే ఒక మాత్ర వేసుకోవాలంటే ముగ్గురు మనుషులు కావాలి. మింగడానికి నేను. మింగానా లేదా అని నోరు తెరిపించి చూడటానికి నా భార్య. మింగాక ఏమేం తినకూడదో చెప్పడానికి వెనక వీధిలో ఉండే మా అక్క. ఆ మాత్ర చూస్తే శెనగబేడలో సగం కూడా ఉండదు. దాని మీద ఇంత అజమాయిషీ ఏమిటని మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు మండదు. ఎందుకు మండదో చెప్పాలంటే ముందు నేను మంచం పట్టిన సంగతి చెప్పాలి.

నాకు కళ్యాణదుర్గం దారిలో నాలుగెకరాల చీనీ తోట ఉంది. బయటివాళ్లు బత్తాయి అంటారు, మేం చీనీ అంటాం. ముప్పై ఏళ్లుగా నా పని అదే. వాన మొహం చాటేసిన ఏళ్లు చూశాను, బోర్లు ఎండిన ఏళ్లు చూశాను, ట్యాంకర్లతో నీళ్లు తోలి ఒక్కో చెట్టునూ బతికించుకున్న ఏళ్లు చూశాను. అప్పుడెప్పుడూ నాకేం కాలేదు, దుక్కలా తిరిగాను. తీరా వాన బాగా కురిసి, బోరు నిండా నీళ్లుండి, చెట్టు నిండా కాయ ఉన్న ఏడు పడిపోయాను. అనంతపురం జిల్లాలో వాన పడినందుకు దిగులుపడిన మనిషిని బహుశా నేనొక్కణ్ణే.

దిగులంటే ఏడుపు కూడా కాదు. ఏడుపొస్తే ఏదో ఒకటి వచ్చిందని సంతోషించేవాణ్ణి. ఏమీ లేదు. పొద్దున లేచి మంచం మీంచి కాళ్లు కింద పెట్టడానికే గంట పట్టేది. తోటకు పోవడం మానేశాను. గడ్డం పెరిగింది. గోడ మీద బల్లిని చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆ రోజుల్లో మా ఇంట్లో నాకంటే ఆ బల్లే ఎక్కువ పని చేసింది.

పక్క తోట మామ చూడటానికి వచ్చాడు. సొంత మామ కాదు, గట్టు పక్క గట్టు కాబట్టి మామ. మంచం పక్కన కూర్చుని నన్ను కాసేపు పరిశీలించి, "తోటలో కాయుండాది, బోర్లో నీళ్లుండాయి, నీకేం రోగమప్పా?" అన్నాడు. సరిగ్గా ఆ ప్రశ్నే నేను బల్లిని అడుగుతున్నాను.

నా భార్య మాత్రం ఏమీ అడగలేదు. ఒక రోజు పొద్దున బొరుగులు నానబెట్టి ఉగ్గాని కలిపి, నాలుగు మిరపకాయ బజ్జీలు పక్కన పెట్టి నా ముందుంచింది. నేను వద్దన్నాను. మా వైపు ఉగ్గాని, బజ్జీ వద్దన్న మనిషిని ఇంట్లో పెట్టుకోరు, ఆసుపత్రికి తోలుకుపోతారు. మర్నాడే అనంతపురం బస్సెక్కించింది. బస్సులో ఎవరడిగినా "ఆయప్పకు కంటద్దాలకు పోతాండాం" అని చెప్పింది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, మడకశిర వైపు పిల్ల. మాటలో రవంత కన్నడ యాస. నన్ను అన్నా అని పిలిచింది. నిద్ర పడుతోందా, తిండి సయిస్తోందా అని అడిగాక, అదే గొంతుతో, "బతికి ఏం లాభం అని ఎప్పుడన్నా అనిపిస్తాందా అన్నా?" అంది. నేను పైన తిరిగే ఫ్యాను చూస్తూ, "అప్పుడప్పుడు రోంత" అన్నాను. ఆ మాట అంతవరకు ఎవరికీ చెప్పలేదు. అప్పుడు కూడా ఫ్యానుకే చెప్పాను.

ఆమె గాభరా పడలేదు. రాసుకుంది. తర్వాత, "వరండాలో బరువు మిషను ఉండాది, రోంత బరువు చూసుకొని రండన్నా" అని నన్ను బయటికి పంపింది. అక్కడొక ముసలమ్మ మిషను మీద నిలబడి, తన బరువు తక్కువ చూపిస్తోందని నర్సుతో పోట్లాడుతోంది. ఆ పంచాయితీ తెగేదాకా నిలబడి, నా బరువు చూసుకుని, చెప్పులు విప్పి మళ్లీ చూసుకుని లోపలికి వెళ్లేసరికి నా భార్య ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. నా బరువు గురించే దిగులుపడుతోందనుకున్నాను.

డాక్టరమ్మ మాత్ర రాసింది. "పొద్దున తిన్నాక ఒకటే. పని చేసేకి రెండు మూడు వారాలు పడతాది, అందాక ఏమీ మారలేదని ఇసుక్కోవద్దు. మొదట్లో కడుపులో తిప్పుతాది, తల నొస్తాది, నిదానంగా సర్దుకుంటాది. ఒక పొద్దు మర్చిపోతే మరుసటి పొద్దు రెండు మింగద్దు. బ్రాందీ గీందీ ముట్టద్దు. ఇంకేం మాత్ర మింగాలన్నా నాకొక ఫోన్ చెయ్యండి. బాగైపోయినా అనుకొని మీ అంతట మీరు మాత్రం నిలపద్దు." అన్నిటికీ తల ఊపాను. తల ఊపడం మా వంశంలో అందరికీ బాగా వచ్చు.

నా భార్య మాత్రం అసలు విషయానికొచ్చింది. "పథ్యమేమి మేడమ్?"

"పథ్యమేమీ లేదమ్మా."

నా భార్య సరిగ్గా వినపడలేదేమోనని ఒక్కొక్కటే అడిగింది. వంకాయ? తినొచ్చు. గోంగూర? తినొచ్చు. చింతపండు? తినొచ్చమ్మా. కోడి? "తింటానంటే బాగా తినిపించండి" అని డాక్టరమ్మ నవ్వింది. మేం నవ్వలేదు. తిరుగు బస్సులో నా భార్య ఆ మాత్రల అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, "మంచి మాత్రేనంటావా?" అంది. పథ్యం లేని మాత్ర అంటే మా ఊళ్లో ఎవరికైనా అదే అనుమానం వస్తుంది.

మా అక్కకు అనుమానం కూడా రాలేదు. "ఆ పిల్లకు అనుభవం చాల్దు" అని తేల్చేసింది. "రేయ్, లంకణం పరమౌషధం అని పెద్దోళ్లు ఊరికే అన్యారా? మూడు దినాలు పస్తు పెట్టి మొదలుపెట్టల్ల."

"తిన్నాకనే మింగమనింది వదినా" అని నా భార్య అడ్డం పడింది. చివరికి ఇద్దరూ రాజీకొచ్చారు. పస్తు లేదు, కానీ ఇరవై ఒక్క రోజులు వంకాయ, గోంగూర, చింతపండు, గుమ్మడికాయ, చెనిక్కాయలు, అంటే వేరుశెనగలు, అన్నీ బంద్. చెనిక్కాయలు తినొద్దనడం మా జిల్లాలో ఊరి నుంచి వెలివేయడంతో సమానం. మూడు వారాలు బీరకాయ పప్పు, సొరకాయ పప్పు, మిరియాల చారు. మొదటి వారం మాత్ర వల్ల కడుపులో తిప్పిందో, బీరకాయ వల్ల తిప్పిందో ఇప్పటికీ చెప్పలేను.

నా భార్య ఎరువుల అంగడివాళ్లిచ్చిన క్యాలెండరును వంటింటి తలుపు వెనక తగిలించి, నేను మాత్ర మింగిన ప్రతి రోజు మీదా ఒక గీత గీసేది. ఆ వారంలోనే ఒక రోజు, ఎటూ తోచక, నన్ను కనిపెట్టుకుని ఉండే నా భార్య కన్నుగప్పి, నెమ్మదిగా నడుచుకుంటూ తోటలో మోటారు షెడ్డు దాకా పోయాను. షెడ్డులో పురుగుమందు డబ్బాలు పెట్టుకునే అటక ఖాళీగా ఉంది. ఇంటికొచ్చి అడిగాను.

"ఎలకలు కొడతాండాయి. అందుకే మా తమ్ముని ఇంటికి పంపినా" అంది. ఆ తమ్ముడు, అంటే నా బామ్మర్ది, ఊరికి ఆ చివర ఉంటాడు.

"ఎలకలు పురుగుమందు తాగుతాయామ్మే?"

"మన ఎలకలు మంచివి కావు. ఏమన్నా తాగుతాయి."

నేను పోయి మళ్లీ బల్లి ముందు కూర్చున్నాను. కానీ తర్వాత కాయకు నల్లి పురుగు తగిలి పిచికారీ కొట్టాల్సి వచ్చినప్పుడు, ఆమె స్వయంగా తమ్ముడి బండి మీద ఆ సీసా పట్టుకొచ్చి, స్వయంగా ట్యాంకులో పోసి, మూత బిగించి, మళ్లీ అదే బండి మీద తీసుకెళ్లిపోయింది. ముప్పై ఏళ్లుగా సేద్యం చేస్తున్న నన్ను సీసా ముట్టనివ్వలేదు. కూలీల ముందు తలకొట్టేసినట్టయింది. రెండు రోజులు మాట్లాడలేదు. ఆమె కూడా బతిమాలలేదు, గీత మాత్రం గీసుకుంటూనే ఉంది.

ఇరవై రెండో రోజు పొద్దున లేచాను, కాళ్లు కింద పెట్టాను, "వంకాయ కూర తినాలనుండాది" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. నా భార్య ఇంకేం వినకుండా సంచి తీసుకుని అంగడికి పరుగెత్తింది. డాక్టరమ్మ చెప్పిన మూడు వారాలూ, మా అక్క పెట్టిన మూడు వారాలూ ఒకే రోజు తీరాయి కాబట్టి, పేరంతా మా అక్క కొట్టేసింది. నా జబ్బు బీరకాయతో నయమైందని ఇప్పటికీ చెబుతుంది.

తోటకు పోవడం మొదలుపెట్టాను. నా ముఖంలో కళ చూసి పక్క తోట మామకు ఆశ పుట్టింది. మా ఊళ్లో కరివేపాకు అడిగినట్టు మాత్రలు అడుగుతారు. "అల్లుడూ, నాకూ రెండు దినాల నుంచి మనసు సరిగ్గా లేదు. ఆ మాత్ర ఒకటియ్యప్పా. నా మోకాలి నొప్పి మాత్ర నువ్వు తీసుకో" అన్నాడు. మాత్రకు మాత్ర, నాకు న్యాయంగానే తోచింది. అట్ట తీయబోతుంటే నా భార్య లాక్కుంది.

"మామా, ఇది ఈయప్పకు రాసిండేది. నువ్వు బీపీకి వేరే మింగుతాండావు. మనసు బాగ లేకుంటే రేపు బస్సెక్కు, నేనే మేడమ్ దగ్గరికి తోలకపోతా."

"అంత బాగ లేకుండా ఏమీ లేదులేమ్మా" అని మామ లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆమె డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగితే, మోకాలి మాత్ర కూడా దీనితో కలిపి మింగితే కడుపులో రక్తం కారే ప్రమాదం ఉందని చెప్పిందట. అంటే ఆ రోజు మేమిద్దరం చాలా మర్యాదగా ఒకరినొకరు చెడగొట్టుకోబోయాం.

ఇక చీనీ చెట్ల సంగతి. చలికాలం మొదట్లో మేం తోటకు నీళ్లు ఆపేస్తాం. నీళ్లు లేకనే కాదు, ఉన్నా ఆపుతాం. దాన్ని బెట్టకు వదలడం అంటారు. నెలకు పైగా చుక్క నీరు ఇవ్వం. ఆకులు వాడి తల వాలుస్తాయి. చెట్టు ఇక నా పని అయిపోయిందని భయపడుతుంది. అప్పుడు నీళ్లు వదిలితే, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు కొమ్మ కొమ్మకూ విరగబూస్తుంది. సుఖంగా నీళ్లు తాగే చెట్టు ఆకులే వేస్తుంది, పూత వేయదు. ఇది నాకు మా నాయన నేర్పిన విద్య.

ఆ ఏడు నీళ్లు ఆపేసి, తోట మధ్య నిలబడి ఉండగా, నాకొక మహత్తరమైన ఆలోచన వచ్చింది. నాలుగు నెలలుగా నా తలకాయ మాత్ర తాగి తాగి సుఖానికి అలవాటుపడి ఉంటుంది. దీన్ని కూడా ఒక నెల బెట్టకు వదిలితే? రోంత వాడుతుంది, భయపడుతుంది, తర్వాత దానంతటదే విరగబూస్తుంది. ఇక మాత్రతో పనే ఉండదు. ఇంత చదువుకున్న డాక్టరమ్మకు ఈ మాట తట్టలేదంటే చీనీ తోట లేకపోవడం వల్లేననిపించింది.

ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే మాత్ర నాలుక కింద పెట్టుకుని, నీళ్లు తాగి, నోరు తెరిచి చూపించి, తోటకు పోయి షెడ్డు పక్కనున్న చెట్టు పాదులో ఉమ్మేసేవాణ్ణి. ఇంట్లో క్యాలెండరు మీద గీతలు నిండుగా పడుతున్నాయి. అబద్ధపు గీతలు.

మూడో రోజుకు తల తిరగడం మొదలైంది. కళ్లు పక్కకు తిప్పితే తల లోపల మోటారు స్టార్టరు పెట్టెలో చిటుక్కుమన్నట్టు మెరుపు కొట్టేది. వాడుతోంది, మంచిదే అనుకున్నాను. ఐదో రోజు టీవీలో బట్టల సబ్బు ప్రకటన చూసి ఏడ్చాను. మరక పోయినందుకు. ఏడో రోజు బస్సు ఒక్క నిమిషం ముందు పోయిందని కండక్టరుకు వినపడనంత దూరం పోయినా తిడుతూ నిలబడ్డాను. పదో రోజు తోటకు పోతే, ఆకులు అప్పుడే కొంచెం వాలుతున్నాయి. వాటిని చూడగానే నా గుండె నీరైపోయింది. ముప్పై ఏళ్లుగా ఈ మూగజీవాలను ఇట్లా ఎండబెడుతున్నానా అనిపించింది. పోయి మోటారు ఆన్ చేశాను.

డ్రిప్పు పైపుల్లో నీళ్ల చప్పుడు విని మామ గట్టు మీదికి పరుగెత్తుకొచ్చాడు. "ఏమప్పా, నీకేమన్నా మతి పోయిండాదా? బెట్ట తీరకుండానే నీళ్లిడుస్తాండావు?"

"పాపం, దప్పికైతాండాది మామా!" అని నేను చెట్టును పట్టుకుని భోరుమన్నాను.

మామ మంచివాడు. మోటారు ఆపి, నన్ను ఒక్కణ్ణి వదలకుండా అక్కడే కూర్చుని, ఫోన్ చేసి నా భార్యను పిలిపించాడు. ఆమె చెంగు బిగించుకుని చకచకా వచ్చింది. నేను షెడ్డు పక్క చెట్టు కింద కూర్చుని ఉన్నాను. నన్ను లేపడానికి వంగినప్పుడు పాదులో తడిసిన మట్టి మీద ఆమెకు తెల్లగా ఏదో కనిపించింది. వేలితో తీసి చూసింది. పక్కన ఇంకొకటి. ఇంకా రెండు, సగం కరిగినవి.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పైపు మీదనే కూలబడి ఏడ్చింది. మా పెళ్లయి ఇరవై ఏడేళ్లు, కరువుకు కూడా ఆమె ఏడవగా నేను చూడలేదు. నా ఏడుపు ఆగిపోయింది. అప్పుడే నా గొప్ప ఆలోచన మొత్తం ఆమెకు చెప్పాను. చెట్టుకైతే ఎట్లా, తలకాయకైతే ఎట్లా అని వివరంగా, మధ్యమధ్యలో ముక్కు చీదుకుంటూ.

అంతా విని ఆమె ఒకటే అడిగింది. "ఏమయ్యా, ముప్పై ఏండ్లు సేద్యం చేసినావు గదా. జబ్బు చెట్టును ఎవరన్నా బెట్టకు వదుల్తారా?"

వదలం. బలంగా ఉన్న చెట్టునే వదులుతాం. ఎండు తెగులు పట్టిన చెట్టును, చిన్న చెట్టును బెట్టకు వదిలితే పూత రాదు, చెట్టే పోతుంది. ఈ మాట కూడా మా నాయన చెప్పిందే. సగం చదువు గుర్తుపెట్టుకుని సగం మర్చిపోయాను.

మర్నాడు డాక్టరమ్మ నా సిద్ధాంతం మొత్తం ఓపిగ్గా విన్నది. మాత్ర అర్ధాంతరంగా ఆపితే ఆ తల తిరగడాలు, మెరుపులు, ఏడుపులు వస్తాయని, పాత జబ్బు కూడా తిరగబెట్టొచ్చని చెప్పింది. పోయిన మాత్రలు లెక్క కట్టి మింగొద్దని, మళ్లీ ఎట్లా మొదలుపెట్టాలో తనే రాసిచ్చింది. చివర్లో, "బెట్ట తీరినాక నీళ్లు ఒకేసారి పోస్తారా అన్నా?" అని అడిగింది.

"లేదు మేడమ్. మొదట రోంత, తర్వాత ఇంకా రోంత. ఒకేసారి పోస్తే పూత రాలిపోతాది."

"మాత్ర నిలిపేది కూడా అట్లనే. టైమొచ్చినప్పుడు ఇద్దరం కలిసి రోంత రోంత తగ్గిస్తాం. అందాక మీ తోట మీరు చూసుకోండి, ఈ తోట నాకొదిలేయండి" అని నా తలకాయ వైపు చూపించింది. ఈసారి మేం కూడా నవ్వాం.

బస్సులో నా భార్య కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. చాలా దూరం పోయాక, "ఆ పొద్దు నిన్ను బరువు చూసుకోమని ఎందుకు పంపించిందనుకుంటివి?" అంది. జవాబు కోసం ఆగకుండా తనే చెప్పింది. "ఇంట్లో, తోటలో పురుగుమందు గానీ ఇసమేదైనా గానీ ఉంటే ఇప్పుడే తీసేయండి అనింది. మాత్ర మొదలుపెట్టిన కొత్తల్లో ఒక్కణ్ణే వదలద్దండి, మాట తేడాగా అనిపిస్తే ఆ నిమిషమే ఫోన్ చెయ్యండి అనింది. నువ్వు ఫ్యానుకు చెప్పిన మాట నేను గూడా ఇన్యా గదా."  నేను కూలీల ముందు పరువు పోయిందని రెండు రోజులు అలిగినప్పుడు, ఆమె ఆ మాటను మోస్తూ తిరుగుతోంది.

ఆ ఏడు బెట్ట సరిగ్గా తీరనందువల్ల పూత ఇక్కడొక కొమ్మ, అక్కడొక కొమ్మ వచ్చింది. షెడ్డు పక్క చెట్టు మాత్రం విరగబూసింది. "దానికి వైద్యం జరిగినాది గదా" అంటుంది నా భార్య. మా అక్క మళ్లీ ఇరవై ఒక్క రోజుల బీరకాయ మొదలుపెట్టింది, ఈసారి నేను నోరు మూసుకుని తిన్నాను.

ఏడాది దాటాక డాక్టరమ్మ నా మాత్రను సగం చేసింది. ఆ ఎండాకాలం కాయకు మళ్లీ నల్లి తగిలింది. పిచికారీ కొట్టాలని నా భార్యతో చెప్పి, ఆమె చెంగు బిగించుకుని లేస్తుందని గుమ్మంలో నిలబడ్డాను. ఆమె వంకాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు. "తమ్ముని ఇంట్లో ఉండాది. పోయి తెచ్చుకో" అంది.

"నువ్వు రావా?"

"నాకు పనుండాది."

పోయాను. బామ్మర్ది నన్నొకసారి ఎగాదిగా చూసి, ట్రంకు పెట్టె తాళం తీసి సీసా ఇచ్చాడు. మధ్యాహ్నానికి పిచికారీ అయిపోయింది. సీసాలో సగం మిగిలింది. షెడ్డు పది అడుగుల దూరంలోనే ఉంది, అటక ఖాళీగానే ఉంది. కాసేపు ఆలోచించి, సీసా పట్టుకుని ఊరికి ఆ చివర దాకా మళ్లీ నడిచాను.

ఇంటికొచ్చేసరికి ఆమె పొయ్యి దగ్గరుంది. ముందు నా చేతులు చూసింది. "షెడ్డులో పెట్టినావా?"

"లేదు. మీ తమ్ముని పెట్టెలోనే పెట్టొచ్చినా" అన్నాను. "మన ఎలకలు ఇంకా పూర్తిగా మంచివి కాలేదమ్మే. మాత్ర నిలిపేదాకా ఆడనే ఉండనీ."

ఆమె పొయ్యి వైపు తిరిగి చాలాసేపు కూర కలిపింది. అంతసేపు కలపాల్సిన కూర కాదు అది. తర్వాత, "చేతులు సబ్బుతో రుద్ది కడుక్కో. అన్నం పెడతా" అంది. కడుక్కొచ్చి కూర్చున్నాను. వంకాయ కూరలో ఉప్పు బాగా ఎక్కువైంది. ఏమీ అనకుండా రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.